పెద్ద సైజులో వచ్చే నీడ

పచ్చ గీత సగం దాటి ఆగింది. ఆగిందో, ఆగినట్టు కనపడుతోందో చెప్పలేం. పొయ్యి మీద పాలూ అంతే, కళ్లప్పగించి చూస్తున్నంతసేపూ ఉలకవు పలకవు, అటు తిరిగితే చాలు పొయ్యంతా పాలే. తమ్ముడు అటు తిరగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల వెనక పెట్టుకుని, స్క్రీను అడుగున పాకుతున్న ఆ గీతనే చూస్తున్నాడు. కంప్యూటరు ఫ్యాను ఎగశ్వాస తీస్తోంది, ఇంత బరువు దాని చేత ఎప్పుడూ మోయించలేదు మరి. కొత్త ఆస్పత్రిలో, జనం కూచుని తమ వంతు కోసం ఎదురుచూసే హాల్లో, ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా పరుచుకోవలసిన బొమ్మ. నీళ్ల ట్యాంకు ఎక్కి చుట్టూ ఒకసారి తిరిగితే ఊరెలా కనపడుతుందో అలాగే, డాబాలూ, రేకుల కప్పులూ, ఆరేసిన దుప్పట్లూ, దూరాన రైలు కట్టా, ఆ పైన ఊరికే ఉన్న ఆకాశమూ. అన్న తీసింది. అన్న ఆఖరున తీసింది అంటున్నారు అందరూ. ఆ ఆఖరున అనే మాట తమ్ముడి నోట్లో ఇంకా తిరగటం లేదు, పన్ను ఊడిన చోట నాలుక పోయి పోయి తగిలినట్టు దాని దగ్గరికి పోవడం, వెనక్కి రావడం, మళ్లీ పోవడం.

అన్న తీస్తాడు, తమ్ముడు అతుకుతాడు. ఇద్దరి బతుకూ ఆ రెండు మాటల్లో సరి. అన్న ఒకే చోట నిలబడి గానుగెద్దులా కొంచెం కొంచెం తిరుగుతూ ఫోటో తరవాత ఫోటో తీస్తాడు, ప్రతిదాని అంచూ పక్కదాని మీదకి ఎక్కేట్టు, కప్పు మీద పెంకు మీద పెంకు ఎక్కినట్టు. తమ్ముడు వాటిని పేర్చి ప్రోగ్రాంకి అప్పగిస్తే అది అంచునీ అంచునీ కలిపి నమిలి, ఏ మబ్బు ఏ ఫోటోలోదో, ఏ గోడ ఎక్కడ తెగి ఎక్కడ అతుక్కుందో కన్నతల్లికి కూడా తెలియకుండా ఒక్క బొమ్మ చేస్తుంది. అయితే కిందికి వంచి తీసిన ఫోటోల్లో అక్కర్లేనివి పడతాయి. కెమెరా స్టాండు కాళ్లు, అన్న బూటు ముక్కు, పొద్దుటి పూటో సాయంత్రమో అయితే నేల మీద పొడుగ్గా అన్న నీడ. వాటి మీద తమ్ముడు ఎర్ర రంగు పూస్తాడు. ఎరుపు పూసిన మేర ప్రోగ్రాంకి ఒక హుకుం, ఇది వద్దు, ఇక్కడికి పక్క ఫోటోలోంచి నేల తెచ్చి పరువు అని. మాస్కు వెయ్యడం అంటారు. ఏ పని మొదలుపెట్టినా తమ్ముడు ముందు చేసేది అదే, ఇంట్లోకి రాగానే చెప్పులు విడిచినట్టు, ఆలోచన అక్కర్లేకుండా. ఊళ్లు చూడక ముందు, వంతెనలు చూడక ముందు, పెళ్లిమండపాలూ పంచదార మిల్లులూ చూడక ముందు అన్న ఎక్కడున్నాడో చూసి తుడిచేసేవాడు. ఏళ్ల తరబడి ఎన్ని బొమ్మలు, ఎన్ని నీడలు. ఒకసారి విసుగొచ్చి, "కాస్త పొట్ట తగ్గించరాదూ అన్నా, నీ నీడ తుడవలేక నా మణికట్టు పడిపోతోంది" అంటే, అన్న నవ్వి, "నా పొట్టేంట్రా, నీ కూడు. దాన్ని తుడిచే కదా నువ్వు తింటున్నావ్" అన్నాడు.

గీత ఒక వెంట్రుక ముందుకు జరిగింది.

వస్తుందా ఈసారి? వస్తుంది. రాకుండా ఎక్కడికి పోతుంది. చిన్న సైజులో కలిపితే బొమ్మ కడిగిన పళ్లెంలా ఉంటుంది, ట్యాంకు పైన గచ్చంతా ఖాళీగా, ఎండగా, నీడా లేదు గీడా లేదు. అదే ఫోటోలు, అవే మాస్కులు, గోడకి కావలసిన పెద్ద సైజులో కలపమంటే మాత్రం ప్రోగ్రాం ఒక హద్దు దాకా వచ్చి, బరువెక్కువై, ఎరుపు సంగతి మర్చిపోతుంది. పెళ్లిలో పనులెక్కువైన పెద్దమనిషి తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయినట్టు. తప్పు అని అరవదు, ఆగిపోదు, తప్పు చేస్తున్నానన్న సంగతే దానికి తెలియదు. వద్దన్నవన్నీ తెచ్చి పరుస్తుంది. గచ్చు మీద అన్న వచ్చి నిలబడతాడు. స్టాండు మూడు కాళ్ల వెనక, మోచేతులు రెండూ పైకెత్తి, సంచి పట్టీ లాగి లాగి దిగిపోయిన ఎడం భుజంతో. ఆ నీడైనా ఒకటి కాదు. ఒక ఫోటోకీ తరవాతి ఫోటోకీ నడుమ ఎండ కాస్త జరిగింది, అన్న కాస్త జరిగాడు, రెండు ఫోటోల్లోని రెండు నీడలనీ ప్రోగ్రాం ఒకదాని పక్కన ఒకటి పలచగా కలిపింది. ఒకటి నల్లగా, పక్కది నీళ్లు కలిపిన సిరాలా, దాంట్లోంచి గచ్చు పగుళ్లు కనపడుతూ. ఈ పనిలో అలాంటివాటిని దెయ్యాలంటారు. బొమ్మలో ఒకే మనిషి రెండు చోట్ల పడ్డా, సగమే పడ్డా దెయ్యం. తమ్ముడూ అనేవాడు, రోజుకి పదిసార్లు, దెయ్యం పడిందన్నా, దెయ్యాన్ని తీసేశానన్నా. ఇప్పుడు ఆ మాట కూడా నోట్లో తిరగటం లేదు.

ఫోను బల్ల మీద గిర్రున తిరిగింది. బొమ్మ అచ్చు వేసే ప్రెస్సు ఆయన. మనిషి ఒళ్లూ నడకా చూసి ఊరంతా రోలరు అంటారు, ఆయనే ఎత్తితే "రోలర్ని మాట్లాడుతున్నా" అంటాడు.

"ఏవయ్యా, మీ ప్రోగ్రాంకి జలుబు తగ్గిందా?"

"అదే పన్లో ఉన్నానండీ. కలుస్తోంది."

"పొద్దున్నించీ కలుస్తానే ఉంది. పప్పైనా ఈపాటికి ఉడికేది. ఇదిగో చెప్తున్నా విను, ఆస్పత్రి ఇంజనీరు నా నెత్తి మీద కూచున్నాడు. రేపే తలుపులు తెరుస్తున్నారంట. చీకటి పడేలోపు నీ బొమ్మ నా మిషను మీదికి రాకపోతే ఏదో జలపాతం ఉందంట వాళ్ల దగ్గర, అది వేసెయ్యమంటున్నాడు."

"జలపాతమా?"

"ఆఁ, ఎక్కడిదో. మన చుట్టుపక్కల పంపులో నీళ్లు రావటానికే దిక్కు లేదు, జలపాతం చూసుకుంటా కూచుంటారు జనం."

"నీడతో పంపితే..."

"మళ్లీ అదే మాట. నిన్న చూపించావుగా. ఆస్పత్రి గోడ మీద ఒంటి మనిషికి రెండు నీడలు వేస్తావా? వచ్చిన రోగం మర్చిపోయి జడుపు జొరం తెచ్చుకుంటారు." గొంతు తగ్గించి, "మీ అన్న ఆ ట్యాంకు ఎక్కటానికి ఎంత తిరిగాడో నాకు తెలుసు. అందుకే ఆపి ఉంచా. ఎక్కువసేపు ఆపలేను" అన్నాడు.

పెట్టేశాడు. అన్న తిరిగాడు, నిజమే. నీళ్ల ట్యాంకు తాళం కోసం ఆఫీసు చుట్టూ తిరిగాడు, చెప్పులు అరిగేట్టు తిరిగాడు, చివరికి అక్కడి గుమాస్తా ఇంటిల్లిపాదికీ ఫోటో తీసిపెట్టి తాళం సంపాదించాడు. ఎక్కి దిగొచ్చిన రోజున మెడ మీద ఎండ కాల్చిన మచ్చతో గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, అక్కణ్ణించి చూస్తే అందరి ఇళ్లూ ఒకే ఇల్లులా ఉన్నాయిరా" అన్నాడు. ఎవరిల్లు వాళ్లు వేలు పెట్టి చూపించుకుంటారంట ఆ గోడ మీద. సూది పోటు కోసం కూచున్న పిల్ల, అమ్మా మన డాబా అంటుందంట. అంత దూరం ఆలోచించేవాడు, గుండె సంగతి ఆలోచించలేదు. నడుం పట్టిందనుకున్నాడు, గ్యాసనుకున్నాడు. ఒక పొద్దున మంచం మీంచి లేవలేదు. అంతే. అంతేనా అంటే అంతే, అందులో కలపటానికీ తియ్యటానికీ ఏం లేదు. ఆ తరవాత ఇల్లంతా వెతికితే గోడకి పెట్టడానికి అన్న ఫోటో ఒక్కటి దొరకలేదు. ఊరందరి మొహాలూ పెట్టెల కొద్దీ ఉన్నాయి. పాత డ్రైవింగు లైసెన్సు మీది గోరంత మొహాన్ని తమ్ముడే పెద్దది చేశాడు. పెద్దది చేసేకొద్దీ మొహం పోయి చుక్కలు వచ్చాయి, దూరం నించి అన్న, దగ్గరికొస్తే పిండి జల్లినట్టు. వదిన దాన్ని చూసి, ఈయనెవరు అంది. ఏడ్చి అనలేదు, నిజంగానే అడిగింది.

గీత ముప్పాతిక దగ్గర ఉంది. కిటికీ అవతల ఎవరో ఇనప షట్టరు లాగారు, ఆ చప్పుడుకి తమ్ముడి చెయ్యి తనంతట తనే మౌసు మీదికి పోయింది, నిప్పు తగిలినట్టు ఉలిక్కిపడి వెనక్కొచ్చింది. ఎందుకంటే స్క్రీను పై మూల ఒక చిన్న పెట్టె ఉంది, అది నిన్నటి నుంచీ ఉంది. ప్రోగ్రాం రాసినాయన పంపింది. ఏ దేశమో ఏ ఊరో తెలియదు, మొహం తెలియదు. తప్పు ఇలా జరుగుతోంది, ఈ సైజు దాటితే మాస్కు మర్చిపోతోంది అని తమ్ముడు రాస్తే రెండు ముక్కల జవాబు పంపాడు. తప్పు దొరికింది, సరిచేశాను, కొత్తది వేసుకోండి, ఇబ్బందికి మన్నించండి. అంత మర్యాదస్తుడు. పెట్టె మీద నొక్కితే చాలు. నొక్కలేదు. నొక్కకుండానే నిన్న రాత్రి భోంచేశాడు, పడుకున్నాడు, పొద్దున లేచి పాతదాంతోనే మళ్లీ కలపమన్నాడు, కలిపింది, నీడ వచ్చింది. మళ్లీ కలపమన్నాడు. రోలరుకి ప్రోగ్రాం చెడిందని చెప్పాడు, ఇంజనీరుకి ప్రోగ్రాం చెడిందని చెప్పాడు, ఆడలేక మద్దెల ఓడన్నవాడు నయం, వాడి మద్దెల నిజంగా ఓడు కాదు, తన మద్దెల నిజంగానే ఓడు, బాగుచేసే మందు పక్కనే పెట్టుకుని వాయిస్తున్నాడు.

ఎందుకంటే ఆ పొద్దున. అక్కడికి పోకూడదనుకుంటాడు, దారులన్నీ అక్కడికే పోతాయి. ఆ పొద్దున తమ్ముడు ఇదే కుర్చీలో కూచుని, ట్యాంకు ఫోటోలు మొదటిసారి తెరిచి, ఊరు ఇంకా చూడకుండానే అలవాటు చొప్పున నీడ దగ్గరికి పోయి ఎరుపు పూస్తున్నాడు. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి. నడుం దాకా వచ్చాడు. భుజాలు. చెవి దగ్గర జుట్టు రేగి ఉంటే ఆ రేగిన జుట్టు చుట్టూ సన్నగా, శ్రద్ధగా, నాలుక బయటపెట్టి. తల మీద ఆఖరి ముక్క పూస్తుంటే ఫోను మోగింది, కింద ఇంట్లోంచే. వదిన. గొంతులో మాట లేదు, గాలి ఉంది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో మౌసు, వింటూ వింటూనే ఆ ఆఖరి ముక్క పూర్తి చేశాడు. అదీ. అది ఎవరికీ చెప్పలేదు. చదువుకున్నవాడే, ఎరుపు పూస్తే మనుషులు పోరని తెలుసు, చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. తెలిసినది తలకాయలో ఉంటుంది, ఈ ఎరుపు చేతిలో ఉంది. అన్నం కలిపేటప్పుడు ఆ చెయ్యే, తలుపు గడియ తీసేటప్పుడు ఆ చెయ్యే. అందుకని మొదటిసారి పెద్ద సైజులో బొమ్మ కలిసి, తెరిస్తే గచ్చు మీద అన్న నిలబడి ఉంటే, తమ్ముడికి భయం వెయ్యలేదు. ఎక్కడికి పోయావ్ ఇంతసేపూ అని అడగబోయాడు. నోరు తెరిచాడు కూడా. తుడిచినా వచ్చాడు. తుడిచినప్పుడల్లా వస్తున్నాడు. ఆ తప్పు ఉన్నంతకాలం వస్తాడు. లోకంలో ఒక్క చోట, ఒక్క లెక్క తప్పడం వల్ల, తుడిచినది తుడుపు కాకుండా పోతోంది, ఇప్పుడు తన వేలితో తనే దాన్ని సరిచెయ్యాలా?

మెట్ల మీద అడుగులు. కింద ఇల్లు, పైన ఈ పని గది. అన్న పోయాక వదిన ఈ మెట్లు ఎక్కలేదు. అడుగులు నడిమెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కాయి. చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"రోలరు నాకు ఫోన్ చేశాడు."

"నీకెందుకు చేశాడు వదినా?"

"నువ్వు చెప్తే ఆయన వినటం లేదు, ఆయన చెప్తే నువ్వు వినటం లేదు. మధ్యలో నేనొకదాన్ని ఖాళీగా ఉన్నాగా." లోపలికొచ్చి అన్న కుర్చీ వంక చూసి, అందులో కూచోకుండా గోడవారన ఉన్న స్టూలు లాక్కుంది. "ఏదీ ఆ బొమ్మ?"

అప్పుడే గీత నిండింది. తమ్ముడు ఏమీ అనకముందే బొమ్మ తెరుచుకుంది, ఊరంతా ఒక్కసారి, ఎండలో. కింద గచ్చు మీద స్టాండు కాళ్లు, వాటి వెనక ఒకటి నల్లగా, ఒకటి పలచగా. వదిన ముందుకు వంగింది. కళ్లజోడు తీసి చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఆయనే."

"ఊఁ."

"పక్కనెవరు?"

"అన్నే. రెండు ఫోటోల్లో పడ్డాడు. నడుమ కాస్త కదిలాడు."

"కదలకుండా ఎప్పుడున్నాడు గనక?" అంది వదిన. "ఇంట్లోనూ అంతే, ఒకాయన ఇక్కడ కూచుని అన్నం తినేవాడు, ఇంకొకాయన ఎక్కడో మిద్దెల మీద తిరుగుతుండేవాడు. నేను మాట్లాడితే ఏ ఆయనకి వినపడేదో తెలిసేది కాదు." నవ్వబోయి ఆపుకుంది. "ఇది పోవటం లేదా మరి? చెడిందన్నావంటగా."

చెడింది అనాలి. అనటానికి నాలుక లేచింది. ఆ పై మూల పెట్టె కనపడుతూనే ఉంది. ఆవిడకి ఆ అక్షరాలు అర్థం కావు, దాస్తే దాగుతుంది. వదిన స్క్రీను వంక కాకుండా తన చేతి వంక చూస్తోందని అప్పుడు గమనించాడు. మౌసు మీద ఉందది, ఎరుపు పూసిన చెయ్యి.

"బాగుచేసింది వచ్చింది వదినా. నిన్ననే వచ్చింది."

"మరి?"

"వేసుకోలేదు."

వదిన స్క్రీను మీది నీడ వంక చూసింది. కింద పంపులో నీళ్లొచ్చిన చప్పుడు, ఖాళీ బిందెలో మొదటి ధార. తమ్ముడికి ఆ చప్పుడు వినిపిస్తుండగానే తన గొంతు కూడా వినిపించింది, ఎవరిదో అన్నట్టు.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేసినప్పుడు తుడుస్తున్నా."

"ఏంటి తుడవటం?"

"అన్నని. ఈ నీడని. నువ్వు చెప్తుంటే కూడా ఆపలేదు. తల మీద కాస్త మిగిలితే అదీ పూర్తి చేశా."

ఇప్పుడు లేచి పోతుంది అనుకున్నాడు. ఆ మెట్లు దిగిపోతుంది, మళ్లీ ఎక్కదు. వదిన స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుంది, నేల మీద కర్రు కర్రుమంది.

"అయితే నువ్వు తుడవబట్టి పోయాడా?"

"అలా అని కాదు..."

"అలాగే. నాకు తెలీదనుకోకు, ఈ నెల్లాళ్లుగా నువ్వు కంచం ముందు కూచుని నీ చెయ్యి నువ్వు చూసుకుంటున్నావు. ఇదా సంగతి." గట్టిగా ముక్కు చీది, చెంగు దోపుకుంది. "ఇన్నేళ్లూ తుడిచావుగా?"

"తుడిచా."

"ఎన్ని నీడలు తుడిచి ఉంటావ్?"

"లెక్కేముంది వదినా."

"మరి తుడిచిన ప్రతిరోజూ రాత్రికి ఇంటికొచ్చి, కూరలో ఉప్పు తక్కువైందని నాతో పోట్లాడి, అన్నం తిని పడుకున్నాడుగా? అప్పుడు పని చెయ్యని తుడుపు ఆ ఒక్కరోజే పని చేసిందా? అంత చేతిమహిమ ఉంటే నీకు, ముందు మా అత్తనే తుడిచి ఉండేవాడివి."

మా అత్త అంటే తమ్ముడికి అమ్మే. వదినని పెట్టిన బాధలు వీధి వీధికీ తెలుసు. నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందో, గొంతుకి అడ్డం పడ్డ దాన్నంతా తోసుకుంటూ వచ్చింది, నవ్వూ కాదు ఏడుపూ కాదు, మొహం మోచేతిలో దాచుకుని బల్ల మీదికి వంగిపోయాడు. వదిన వీపు నిమరలేదు. ఆవిడ అలాంటి మనిషి కాదు. బల్ల మీద ఎండిన కాఫీ మరకని గోటితో గీకుతూ కూచుంది, అది పోయేదాకా.

"వెయ్యి ఆ కొత్తది" అంది.

"వేస్తే పోతాడు."

"జలపాతం వేస్తారంట, వెయ్యనిద్దామా?"

"నీకు... ఈ నీడైనా... ఇంట్లో ఒక్క ఫోటో లేదుగా వదినా. దీన్ని వేరేగా అచ్చు తీయించి..."

"ఎందుకు? రెండు నీడలు గోడకి తగిలించుకుని ఏ నీడకి దణ్ణం పెట్టను? ఆయన మొహం నాకు తెలుసు. ఫోటో చూసుకుంటే గానీ గుర్తుకు రాని మొగుడా?" ఆ మాట అని కిటికీ వైపు తిరిగింది. "నువ్వు వెయ్యి. నేనిక్కడే కూచుంటా."

తమ్ముడు పెట్టె మీద నొక్కాడు. కొత్తది వచ్చి కూచోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పాత మాస్కులు అలాగే ఉన్నాయి, ఎర్రగా, పాదాల నుంచి రేగిన జుట్టు దాకా, ఎక్కడా అంచు చెదరకుండా. ఎంత బాగా పూశాను అనిపించింది, అనిపించినందుకు సిగ్గేసింది, సిగ్గు కూడా ఎక్కువసేపు నిలవలేదు. కలపమన్నాడు. పచ్చ గీత మొదటి నుంచి బయల్దేరింది. వదిన ఏమిటది అంది, అంచులు కలుపుతోంది అన్నాడు. ఇప్పుడేమిటి అంది, ఆకాశం అన్నాడు. ఆకాశానికి అంచులేంటి అంది. ఫోటోలో ఉంటాయి వదినా అన్నాడు. అలా ఒకటీ అరా మాటలు, నడుమ ఫ్యాను రొద, నడుమ కిందింటి పంపు. ఆ హద్దు దగ్గరికి గీత వచ్చినప్పుడు తమ్ముడు ఊపిరి బిగబట్టాడు. మర్చిపో అని ఒక మూల, మర్చిపోకు అని ఒక మూల, రెండు మూలలూ తనవే. గీత దాటింది. ఇసుమంత కూడా తడబడలేదు.

బొమ్మ తెరుచుకుంది. ట్యాంకు పైన గచ్చు ఖాళీగా ఉంది. పగుళ్లు, పిట్ట రెట్ట, ఒక సిమెంటు బొడిపె, వాటి మీద పొద్దుటి ఎండ. అన్న నిలబడిన చోట ఎండే. ఎవరూ ఎప్పుడూ నిలబడనట్టు. అక్కణ్ణించి ఊరు మొదలై చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చి చేరుతోంది, ఎక్కడా అతుకు లేదు.

వదిన చెయ్యి చాపి, స్క్రీను మీద, సరిగ్గా నీడ ఉండిన చోట అరచెయ్యి ఆనించింది.

"వేడిగా ఉంది" అంది.

పాత స్క్రీను, పొద్దున్నించీ వెలుగుతోంది, కాలకేం చేస్తుంది. తమ్ముడికి తెలుసు. ఏదడిగినా విడమరిచి చెప్పే మనిషి, ఆ ఒక్కటీ చెప్పలేదు. ఫోను మళ్లీ బల్ల మీద తిరగడం మొదలుపెట్టింది, రోలరే. ఆవిడ అరచెయ్యి కదల్లేదు, వేళ్ల మధ్య నుంచి గచ్చూ, ఎండా, ఆ అవతల దుప్పట్లు ఆరేసిన డాబాలూ కనపడుతున్నాయి.

"పంపెయ్" అంది, చెయ్యి తియ్యకుండానే.

తమ్ముడు ఆ చేతి కిందుగా బొమ్మని ప్రెస్సుకి పంపాడు.